పంపును చేత్తో ఎత్తితే హోరు ఆగిపోయింది

రాత్రి పన్నెండు దాటి ఇల్లంతా సద్దుమణిగాక నా బల్ల కింద ఉన్న కంప్యూటర్ నుంచి ఒక సన్నని హోరు వినిపించేది. పెద్ద శబ్దమేమీ కాదు. పగటి పూట ఎవరినైనా పిలిచి వినమంటే ‘ఏ శబ్దం?’ అని నా ముఖంలోకి అనుమానంగా చూసేవాళ్ళు. కానీ ఒకసారి పట్టుకున్నాక చెవి దాన్ని వదలదు. చెవిలో జోరీగ అంటారే, అచ్చం అదే. ఫ్యాన్లన్నింటినీ నిమిషానికి 500 చుట్లకు దించేశాను. హార్డ్ డిస్కులు ఎప్పుడో తీసేశాను. ఇక మిగిలింది కంప్యూటర్‌ను చల్లబరిచే నీళ్ళను తిప్పే పంపు ఒక్కటే.

ఒక రాత్రి ఓపిక నశించి కేస్ పక్క తలుపు తీశాను. పంపును అడుగు రేకుకు పట్టి ఉంచిన నాలుగు స్క్రూలూ విప్పాను. గొట్టాలు మెత్తటివి కాబట్టి కంప్యూటర్ నడుస్తుండగానే పంపును నాలుగు వేళ్ళ ఎత్తు లేపడానికి వీలైంది. అది అరచేతిలోకి రాగానే హోరు మాయమైంది. వేళ్ళకు సన్నని అదురు తెలుస్తోంది, చెవికి మాత్రం ఏమీ లేదు. మళ్ళీ రేకుకు ఆనించాను, హోరు వచ్చింది. ఎత్తాను, పోయింది. కొత్త బొమ్మ దొరికిన పిల్లవాడిలా పదిసార్లయినా ఎత్తి దించి ఉంటాను. అంతకుముందు నెల రోజులుగా ‘ఇంతకన్నా నిశ్శబ్దమైన పంపు ఏది?’ అని వెతుకుతూ ఉన్నాను. ఆ పంపు నా చేతిలోనే ఉంది.

అందుకే ఎవరైనా ‘మోత లేని పంపు ఒకటి చెప్పండి’ అని అడిగితే నేను పేరు చెప్పను, ఎదురు ప్రశ్న వేస్తాను: దాన్ని దేనికి బిగిస్తారు? ఎంత వేగంతో తిప్పుతారు? దాని నోట్లోకి గాలి పోకుండా ఏం చేస్తారు? ఈ మూడింటికీ జవాబు ఉంటే మార్కెట్లో దొరికే మంచి పంపుల్లో దాదాపు ఏదైనా నిశ్శబ్దంగానే నడుస్తుంది. జవాబు లేకపోతే ఎంత గొప్ప పంపయినా హోరెత్తిస్తుంది. డబ్బా మీద అచ్చువేసిన డెసిబెల్ అంకెను చూసి కొనేవాళ్ళను చూస్తే నాకు జాలి. పంపును దేని మీద పెట్టి కొలిచారో, ఎంత దూరం నుంచి కొలిచారో చెప్పని అంకెకు అర్థమేముంది?

వీణ తీగను వీణ నుంచి ఊడదీసి రెండు చేతుల మధ్య లాగి పట్టుకుని మీటితే పక్కవాడికి కూడా వినపడదు. ఆ తీగ కింద కుండ ఉంది కాబట్టే సభంతా వింటుంది. పంపు విషయంలో తీగ మోటారు, కుండ మీ కేస్. ఇంత చిన్న పంపు తన ఒంటితో గాలిని కదిలించలేదు. కానీ దాన్ని ఒక పలచటి రేకుకు బిగించారంటే ఆ రేకు మొత్తం దానికి స్పీకరు పొర అయిపోతుంది. పంపు పక్కన చెవి పెట్టినప్పుడు కన్నా రెండు అడుగుల అవతల కేస్ తలుపు దగ్గర మోత ఎక్కువ వినిపించడానికి కారణం అదే. కేస్ తలుపు మీద అరచేయి గట్టిగా ఆనించి చూడండి. హోరు తగ్గిందంటే అసలు దొంగ మీ పంపు కాదు, రేకు.

దీనికి మందు మెత్తటి ఆసనం. స్పాంజి, సిలికాన్, జెల్ మెత్తలు ఏవైనా సరే, పంపుకూ కేస్‌కూ మధ్య గట్టి వస్తువేదీ ఉండకూడదు. చెప్పడానికి తేలిక, చేసేటప్పుడే పొరపాట్లన్నీ. నేను మొదట చేసిన ఘనకార్యం వినండి. పంపు కింద అంగుళం మందం స్పాంజి పెట్టి, అది కదలకుండా ఉండాలని పైనుంచి పొడవాటి స్క్రూలు స్పాంజిలోంచి రేకు దాకా దింపి బిగించాను. స్పాంజి కింద ఉంది, అదురు మాత్రం స్క్రూల వెంట దర్జాగా నడిచి రేకులోకి దిగిపోయింది. అదీ చాలక బిగించిన బిగువుకు స్పాంజి అప్పడంలా అణిగిపోయింది. అణిగిన స్పాంజి చెక్కతో సమానం. మెత్తగా ఉండాలి, బరువుకు కొంచెం కుంగాలి, ఇంకా కుంగడానికి చోటు మిగలాలి. పంపు ఎంత బరువైతే ఈ పద్ధతి అంత బాగా పనిచేస్తుంది. అందుకే పంపు తలకు ప్లాస్టిక్ మూత బదులు బరువైన లోహపు మూత పెట్టుకోవడం షోకు కోసం మాత్రమే కాదు.

గొట్టాల సంగతీ అంతే. గాజులా మెరిసే గట్టి అక్రిలిక్ గొట్టాలు కంటికి ఇంపుగా ఉంటాయి, కాదనను. కానీ పంపును ఎంత మెత్తగా కూర్చోబెట్టినా దాని నోట్లోంచి ఒక గట్టి కడ్డీలాంటిది బయలుదేరి, నీళ్ళ వేడిని గాలిలోకి వదిలే రేడియేటర్‌కు బిగుసుకుని ఉంటే ఆ మెత్తదనమంతా వృథా. కనీసం పంపుకు అటూ ఇటూ ఉన్న రెండు ముక్కలైనా మెత్తటి గొట్టంతో వేసుకుంటే సగం గొడవ వదులుతుంది.

ఇక పంపుల దగ్గరికి వద్దాం. సొంతంగా లూప్ (పంపు, గొట్టాలు, రేడియేటర్ కలిపి నీళ్ళు తిరిగేలా కట్టే చుట్టు) కట్టుకునేవాళ్ళకు ఎన్ని కంపెనీల పేర్లు కనిపించినా, లోపల ఉండే యంత్రాలు చాలావరకు రెండే కుటుంబాలవి: డీ5, డీడీసీ. రెండూ జర్మనీకి చెందిన లయింగ్ సంస్థ రూపకల్పనలు. ఆ సంస్థ తరవాత అమెరికా కంపెనీ ఐటీటీ చేతికి, అక్కడి నుంచి 2011లో విడివడిన జైలమ్ చేతికి వెళ్ళింది. మూతలు, రంగులు, దీపాలు, పేర్లు మారతాయి. లోపలి మోటారు అదే. అంతకుముందు తరం వాళ్ళు చేపల తొట్టెల కోసం చేసిన ఐహైమ్ పంపులను తెచ్చి వాడుకునేవారు. అవి గోడ ప్లగ్గుకు తగిలించే రకం, ఒకే వేగం, ఇప్పటికీ ఆ నిశ్శబ్దాన్ని తలచుకుని నిట్టూర్చేవాళ్ళు ఉన్నారు. చేపల తొట్టె పడకగదిలోనూ ఉంటుంది, దాన్ని చేసినవాడికి ఆ జాగ్రత్త ముందే తెలుసు.

డీ5, డీడీసీ రెండింటిలోనూ నాకు ముచ్చట గొలిపేది వాటి ఇరుసు లేని తిరుగుడు. మామూలు మోటారులో ఇరుసు ఉంటుంది, దాన్ని పట్టుకునే బేరింగులు ఉంటాయి, నీళ్ళు కారకుండా సీలు ఉంటుంది. వీటిలో అవేవీ లేవు. తిరిగే భాగం ఒక చిన్న సిరామిక్ గోళీ మీద టోపీలా బోర్లించినట్టు కూర్చుంటుంది, అయస్కాంతమే దాన్ని పట్టి తిప్పుతుంది. ఆ గోళీకి కందెన చుట్టూ ఉన్న నీళ్ళే. అందుకే ఈ పంపులను నీళ్ళు లేకుండా క్షణం కూడా నడపకూడదు. ‘తిరుగుతుందో లేదో ఒక్కసారి చూద్దాం’ అని పొడిగా ప్లగ్గు పెట్టినవాళ్ళు ఆ గోళీని గీకిపారేసి, తరవాత ఏళ్ళ తరబడి దాని గరగర వింటూ కూర్చుంటారు.

రెండింటిలో ఏది? పూర్తి వేగంలో డీ5 నీటిని నాలుగు మీటర్ల ఎత్తుకు కాస్త అటూ ఇటూగా నెట్టగలదు, డీడీసీలో బలమైన రకం అయిదు మీటర్ల దాకా. ఒత్తిడిలో డీడీసీది పైచేయి, పైగా పరిమాణంలో చిన్నది. కానీ నిశ్శబ్దం కోసమైతే నా ఓటు డీ5కే, దానికి కారణం వేడి. డీ5 మోటారు వేడి చాలావరకు లోపల తిరిగే నీళ్ళలోకే పోతుంది. డీడీసీ మాత్రం తన అడుగు భాగం నుంచి గాలిలోకి వేడిని వదులుకోవాలి. దాన్ని స్పాంజిలో చుట్టి జోకొట్టామంటే ఉడికిపోతుంది, దాని అడుగుకు లోహపు రెక్కలు తగిలించి గాలి తగిలేలా ఉంచాలి. మెత్తటి పరుపు మీద పడుకోబెట్టాలంటే ఒంటి అడుగున సెగ లేనిదాన్ని ఎంచుకోవడమే తెలివి. చోటు లేని చిన్న కేస్‌లో డీడీసీ తప్పకపోవచ్చు. అప్పుడు కిందనుంచి కాకుండా పక్కనుంచి పట్టే మెత్తటి కొక్కేలు చూసుకోవాలి.

బలమైన పంపు ఎందుకు, చిన్నది చాలదా అని అడిగేవారికి ఒక లెక్క చెబుతాను. ఇలాంటి పంపులో వేగం సగానికి దించితే ప్రవాహం సుమారు సగమవుతుంది, ఒత్తిడి నాలుగో వంతుకు పడుతుంది, అది తినే కరెంటు ఎనిమిదో వంతుకు పడుతుంది. డీ5 నిమిషానికి 1800 నుంచి 4800 చుట్ల దాకా తిరుగుతుంది. 4800 దగ్గర అది పూనకం వచ్చినట్టు అరుస్తుంది. 2400 దగ్గర అది ఉందన్న సంగతే మరిచిపోతాం. అప్పటికీ ఒక మీటరు ఎత్తు నీళ్ళంత ఒత్తిడి మిగిలే ఉంటుంది, ఒక ప్రాసెసర్ బ్లాక్‌కూ గ్రాఫిక్స్ కార్డు బ్లాక్‌కూ (బ్లాక్ అంటే చిప్ మీద కూర్చుని దాని వేడిని నీళ్ళకు అందించే దిమ్మ) రెండు రేడియేటర్లకూ అది సరిపోతుంది. చిన్న పంపును దాని గుండె బద్దలయ్యేలా పరిగెత్తించడం కన్నా పెద్ద పంపును నడిపించడం మేలు.

‘అలా తగ్గిస్తే వేడి పెరగదా?’ అన్నది దీని వెనకే వచ్చే ప్రశ్న. ప్రవాహం మీద మోజు ఈ రంగంలో ఒక జబ్బులాంటిది. నీటి గుణం మనకు తెలిసిందే: లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 4,190 జూల్స్ కావాలి. మీ కంప్యూటర్ 300 వాట్ల వేడిని నీళ్ళలోకి వదులుతోందనుకోండి. గంటకు 60 లీటర్లు తిరిగితే, బ్లాకుల్లోకి వెళ్ళే నీటికీ వచ్చే నీటికీ మధ్య తేడా 4.3 డిగ్రీలు. 120 లీటర్లయితే కాస్త మీదుగా రెండు డిగ్రీలు. 240 అయితే ఒక డిగ్రీ. అంటే 120 నుంచి 240కి ఎక్కడానికి పంపు చేత కేకలు పెట్టించి మనం గెలుచుకునేది ఒక్క డిగ్రీ. బ్లాకు లోపలి సన్నని కాలువల్లో ప్రవాహం పెరిగితే మరికొంత లాభం ఉంటుంది, అదీ పెరిగే కొద్దీ తగ్గుతూ పోయే లాభమే. ఆ డిగ్రీ కోసం రాత్రులు పాడుచేసుకోవడం నా వల్ల కాదు. గంటకు 100 నుంచి 150 లీటర్ల మధ్య ఎక్కడో ఆగి, నిద్రపోండి.

రిజర్వాయర్ అనగానే నాకు ఇప్పటికీ ముందు కళ్ళలో మెదిలేది ఆనకట్టే. తీరా చూస్తే ఇది లూప్‌లో పావు లీటరు నీళ్ళు పట్టే గొట్టంలాంటి తొట్టి. పేరు గొప్ప, ఊరు దిబ్బ. దీని చుట్టూ అల్లుకున్న మూఢనమ్మకాల్లో మొదటిది ‘ఎంత పెద్దదైతే అంత చల్లన’ అన్నది. రిజర్వాయర్ గోడల నుంచి పోయే వేడి లెక్కలోకి రానంత తక్కువ. నీళ్ళు ఎక్కువుంటే వేడెక్కడానికి ఎక్కువ సమయం పడుతుంది, అంతే. అదనంగా పోసిన ఒక లీటరు 300 వాట్ల వేడికి డిగ్రీకి 14 సెకన్ల చొప్పున ఆలస్యం ఇస్తుంది. పది డిగ్రీలకు రెండు నిమిషాల ఇరవై సెకన్లు. రేడియేటర్ కూడా పక్కన పనిచేస్తుంటుంది కాబట్టి ఇంకొంచెం సాగుతుందనుకుందాం. ఆ తరవాత పావు లీటరు తొట్టి ఉన్న కంప్యూటర్, లీటరు తొట్టి ఉన్న కంప్యూటర్ ఒకే వేడి దగ్గర నిలబడతాయి. దీనికి నాకు తెలిసిన మినహాయింపు 2000ల దశకంలో వచ్చిన జాల్‌మన్ కంపెనీ రిజరేటర్ లాంటివి. అందులో నిలువు రెక్కల అల్యూమినియం స్తంభమే తొట్టి, అదే రేడియేటర్, పంపు దాని లోపలే, ఫ్యాన్ అసలు లేదు. అక్కడ తొట్టి పెద్దదవడమంటే గాలికి తగిలే ఒళ్ళు పెద్దదవడం. గాజు గొట్టానికి ఆ పోలిక చెల్లదు.

మరి రిజర్వాయర్ దేనికి? బుడగలను పట్టడానికి. నీళ్ళు పోయడానికి వీలుగా ఉండటం రెండో పని, అందంగా ఉండటం ఎన్నో పనో నేను చెప్పను. లూప్‌లో తిరిగే గాలి బుడగ పంపు రెక్కల మధ్య చిక్కుకుంటే గులకరాళ్ళు నమిలినట్టు చప్పుడు వస్తుంది. తొట్టిలోకి వచ్చిన నీళ్ళు కాసేపు నెమ్మదిస్తే బుడగ పైకి తేలి గాలిలో కలిసిపోతుంది. నెమ్మదించకపోతే వచ్చిన దారినే మళ్ళీ పంపు నోట్లోకి పోతుంది. కాబట్టి రిజర్వాయర్ కొనేటప్పుడు నేను చూసేది నీళ్ళు లోపలికి వచ్చే రంధ్రం ఎక్కడుంది, బయటికి పోయే రంధ్రం ఎక్కడుంది, ఆ రెంటి మధ్య అడ్డు ఏమైనా ఉందా అన్నది. పైనుంచి జలపాతంలా నీళ్ళు పడే రకాలు చూడముచ్చటగా ఉంటాయి. రాత్రి పూట కుళాయి సరిగా కట్టలేదేమో అని లేచి చూసేలా కూడా చేస్తాయి. లోపలికి వచ్చే నీరు ఎప్పుడూ నీటిమట్టం కిందే విడుదల కావాలి.

ఇంకొకటి సుడి. తొట్టి అడుగు రంధ్రంలోంచి పంపు గట్టిగా లాగుతుంటే, స్నానాల తొట్టి బిరడా తీసినప్పటిలా పైనుంచి ఒక గాలి తీగ సుళ్ళు తిరుగుతూ దిగుతుంది. అది పంపును తాకిందంటే నిమిషాల్లో నీళ్ళన్నీ పాలలా తెల్లబడతాయి. దీనికి మూడు మందులు: నీటిమట్టం ఎత్తుగా ఉంచడం, రంధ్రం మీద ఒక అడ్డుబిళ్ళ గానీ గరుకు స్పాంజి ముక్క గానీ ఉంచడం, వేగం తగ్గించడం. పొట్టిగా లావుగా ఉన్న తొట్టి కన్నా పొడుగ్గా సన్నగా ఉన్నదానిలో నీళ్ళు కొంచెమే ఉన్నా ఎత్తు ఎక్కువ. నా లూప్‌లో స్పాంజి ముక్క పెట్టాక బుడగల సమస్య ఒక్క పూటలో తీరింది. కానీ దాన్ని నీళ్ళు మార్చినప్పుడల్లా తీసి కడగాలి. రంగురంగుల చిక్కటి ద్రవాలు వాడేవాళ్ళయితే అసలు పెట్టకండి, ఆ రంగు పొడి దానిలో మడ్డిలా పేరుకుంటుంది.

ఇప్పుడు నాతో చాలామంది పేచీ పడే చోటుకు వచ్చాం. ఈమధ్య అందరూ పంపూ తొట్టీ ఒకే ముక్కగా ఉన్నవే కొంటున్నారు. వాళ్ళ కారణాలు నాకు తెలుసు: గొట్టాలను బిగించే ఫిట్టింగులు రెండు తగ్గుతాయి, కారే చోట్లు తగ్గుతాయి, తొట్టి నేరుగా పంపు నెత్తిన ఉంటుంది కాబట్టి పంపు ఎప్పటికీ ఎండదు. మొదటిసారి లూప్ కట్టేవారికి నేను కూడా అదే కొనమంటాను, అబద్ధమెందుకు. కానీ ఆ జోడీని అమ్మేవాళ్ళు ఇచ్చే బిగింపు సామాను చూడండి. గట్టి ఇనుప పట్టీ ఒకటి, దాన్ని రేడియేటర్ ఫ్యాన్ రంధ్రాలకో కేస్ వెనక రేకుకో స్క్రూలతో బిగించమంటారు. పంపు అదురు ముందు తొట్టిలోకి, అక్కడి నుంచి పట్టీలోకి, పట్టీ నుంచి రేడియేటర్‌లోకి. వీణకు కుండ ఒకటి చాలదని మూడు తగిలించినట్టు. విడి తొట్టిని గట్టిగా బిగించుకోవచ్చు, దానికి అదురు లేదు. విడి పంపును మెత్తగా వదిలేయవచ్చు, దానికి అందం అక్కర్లేదు. మధ్యలో ఒక జానెడు మెత్తటి గొట్టం. తొట్టి పంపు కన్నా ఎత్తులో ఉంటే ఎండిపోతుందన్న భయమూ లేదు. జోడీ ఇప్పటికే కొనేసినవాళ్ళు పట్టీకీ రేకుకూ మధ్య రబ్బరు దిమ్మలు వేసుకోండి. రబ్బరుకు రెండు పక్కలా మర ఉండే దిమ్మలు దొరుకుతాయి, ఒక పక్క స్క్రూ రెండో పక్కను తాకదు.

వేగం ఎలా అదుపు చేయాలన్నది చిన్న సంగతే కానీ పాడుచేసుకునేవాళ్ళు ఎక్కువ. పంపు వేగాన్ని ప్రాసెసర్ వేడికి ముడిపెట్టకండి. ఒక పేజీ తెరవగానే ప్రాసెసర్ క్షణంలో వేడెక్కి క్షణంలో చల్లబడుతుంది, పంపు దాని వెంట మూలుగుతూ ఎక్కి దిగుతుంది. నీళ్ళు అంత తొందరపడవు. ఒక వేగం ఎంచుకుని అక్కడే ఉంచేయండి. ఎంచుకునే పద్ధతి చెబుతాను: రాత్రి పూట, ఫ్యాన్లు తగ్గించి, పంపును కింది నుంచి 50 చుట్ల చొప్పున పెంచుకుంటూ వినండి. నా కేస్‌లో 2700 దగ్గర తలుపు ఒక్కసారిగా పాట అందుకుంటుంది, 2850 దాటితే మళ్ళీ ఊరుకుంటుంది. ప్రతి కేస్‌కూ ఇలాంటి పాట ఒకటి ఉంటుంది, దాన్ని తప్పించుకోవాలి. రెండు పంపులు వరసగా పెట్టుకున్నవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. ఒకటి 3000, రెండోది 3030 చుట్లు తిరుగుతుంటే రెండు శబ్దాలు ఒకదానితో ఒకటి కలిసి విడిపోతూ, రెండు సెకన్లకోసారి ‘ఊఁ... ఊఁ...’ అని ఊగుతాయి. నిలకడైన హోరుకు చెవి అలవాటు పడుతుంది, ఊగే హోరుకు పడదు. అలాంటప్పుడు ఒకదాన్ని బాగా కిందకు దించి రెండింటినీ దూరం చేయడమే దారి. అన్నట్టు, డీ5కు కావలసిన కరెంటును మదర్‌బోర్డు మీది ఫ్యాన్ పిన్నుల నుంచి లాగకండి. ఆ పిన్నులు సాధారణంగా ఒక ఆంపియర్ వరకే ఇవ్వగలవు. కరెంటు నేరుగా పవర్ సప్లై నుంచి, వేగం సంకేతాల తీగలు మాత్రమే బోర్డుకు.

కొత్త పంపు మీద మొదటి రెండు రోజుల్లో తీర్పు చెప్పకూడదు. ఇది నేను సిగ్గుతో నేర్చుకున్న పాఠం. ఒకసారి కొత్త పంపు గరగరమంటోందని అమ్మినవారికి ఘాటుగా ఉత్తరం రాసి తిప్పి పంపేశాను. మారుగా వచ్చినదీ అలాగే గరగరమంది. దాన్నీ పంపేద్దామని కేస్‌ను పక్కకు ఒరగదీసేసరికి రేడియేటర్‌లోంచి బుడబుడమంటూ ఒక పెద్ద బుడగ బయలుదేరి తొట్టిలోకి వచ్చి పగిలింది. తరవాత నిశ్శబ్దం. మొదటి పంపు కూడా మంచిదే, పాపం. అప్పటి నుంచి నీళ్ళు నింపాక కేస్‌ను నాలుగు వైపులా నెమ్మదిగా ఒరగదీస్తాను, పంపును కాసేపు ఎక్కువ వేగంలో, కాసేపు తక్కువలో నడుపుతాను, తొట్టి మూత వదులు చేసి ఒక రాత్రి వదిలేస్తాను. మట్టం తగ్గితే పోస్తాను. తీర్పు మూడో రోజునే.

లూప్ కట్టే ఓపిక లేక, అన్నీ బిగించి వచ్చే కూలర్ కొన్నవాళ్ళకూ ఇందులో పనికివచ్చేది ఒకటుంది. వాటిలో చాలావాటికి పంపు ప్రాసెసర్ నెత్తినే ఉంటుంది, లోపల కొంత గాలి ఎప్పుడూ ఉంటుంది. రేడియేటర్ పంపు కన్నా కిందుంటే ఆ గాలి పంపులోకి చేరి కూర్చుంటుంది. రేడియేటర్‌ను పైన బిగిస్తే గాలి అక్కడికి పోతుంది, చప్పుడూ పోతుంది.

ఇన్నాళ్ళకు నా పంపు మెత్తల మీద పడుకుని, 2400 చుట్ల దగ్గర, చెవి ఆనించినా వినపడనంతగా నడుస్తోంది. దాంతో కొత్త బెంగ పట్టుకుంది: ఇది ఆగిపోతే నాకెలా తెలుస్తుంది? ఇంతకాలం తిట్టుకున్న ఆ హోరే కదా అది బతికే ఉందని చెప్పింది. నీళ్ళు తిరుగుతున్నాయో లేదో కంటికి కనిపించాలని గొట్టం మధ్యలో తిరిగే చిన్న రంగుల చక్రం ఒకటి తెచ్చి బిగించాను. ఆ రాత్రి పన్నెండు దాటాక బల్ల కింద నుంచి టిక్ టిక్ టిక్ టిక్ అని మొదలైంది. తెల్లారి దాన్ని పీకేసి, పంపు చుట్లు 2000 కన్నా తగ్గినా నీళ్ళ వేడి 45 డిగ్రీలు దాటినా కంప్యూటర్ తనంతట తానే ఆగిపోయేలా పెట్టుకున్నాను. చక్రం సొరుగులో ఉంది, కావలసినవారికి ఇచ్చేస్తాను.